సగం వాటా అమ్మినా తాళాలు వదలని యజమాని: ఫ్రాంక్ లోవీ, వెస్ట్‌ఫీల్డ్ కేస్ స్టడీ

2010 నవంబరులో ఆస్ట్రేలియా మాల్ కంపెనీ వెస్ట్‌ఫీల్డ్ గ్రూప్ తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ మాల్‌లో సగం వాటా అమ్మేసింది. కొన్నవి రెండు పెన్షన్ ఫండ్లు, ఒకటి డచ్ వాళ్లది, ఇంకోటి కెనడా వాళ్లది. ధర 87.15 కోట్ల పౌండ్లు. అప్పటికి ఆ మాల్‌లో ఒక్క షట్టర్ కూడా లేవలేదు, పనులు నడుస్తూనే ఉన్నాయి. తెరిచింది మరుసటి ఏడాది సెప్టెంబరు 13న. సగం అమ్మినా కట్టే పని, అద్దెకిచ్చే పని, నడిపే పని వెస్ట్‌ఫీల్డ్ తన దగ్గరే పెట్టుకుంది. బోర్డు మీద పేరు కూడా.

నేను హైదరాబాద్‌లో మాల్ లీజింగ్ చేస్తాను. వెస్ట్‌ఫీల్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫ్రాంక్ లోవీ బుర్ర ఎలా పనిచేస్తుందో మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు చెప్పాలంటే ఈ డీల్‌తోనే మొదలుపెడతాను. ఆయన్ని మామూలుగా 'చిల్లిగవ్వ లేకుండా వచ్చి బిలియనీర్ అయిన శరణార్థి' అని పరిచయం చేస్తారు. అబద్ధమేమీ కాదు. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చిల్లిగవ్వ లేకుండా ఆస్ట్రేలియాలో దిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లందరూ మాల్స్ కట్టలేదు. ఆస్తిలో డబ్బు పెట్టేవాళ్లు వేరు, ఆస్తిని నడిపేవాళ్లు వేరు అని విడదీసి, రెండోది ఎప్పుడూ తన చేతుల్లోంచి జారనివ్వకపోవడమే ఆయన చేసిన అసలు పని. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

సిడ్నీకి ముందు

లోవీ 1930 అక్టోబరులో నాటి చెకోస్లొవాకియాలోని ఫిల్యాకోవో అనే చిన్న ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో ఉంది. యుద్ధం మధ్యలో కుటుంబం బుడాపెస్ట్ చేరింది. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించగానే, ఊరు దాటిపోదామని రైలు టికెట్లు కొనడానికి స్టేషన్‌కు వెళ్లిన తండ్రి హ్యూగో తిరిగి రాలేదు. ఫ్రాంక్‌కు అప్పుడు 13 ఏళ్లు. తండ్రి ఏమయ్యాడో దాదాపు అర్ధ శతాబ్దం దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌లో రైలు దిగాక, ప్రార్థన శాలువా ఉన్న చిన్న సంచిని వదలనని మొండికేసినందుకు కాపలావాళ్లు ఆయన్ని కొట్టి చంపారని, ఆనాడు అక్కడ ఉండి బతికి బయటపడ్డ ఒకాయన ద్వారా చాలా ఏళ్లకు తెలిసింది.

బిజినెస్ సెమినార్లలో ఈ ఘట్టాన్ని 'కష్టాలే ఆయన్ని తయారుచేశాయి' అని వాడుకుంటారు. వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. అలా తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకు లెక్కే లేదు, ఆ దుఃఖానికీ షాపుల అద్దెకూ ముడిపెట్టడం మనకెందుకు?

యుద్ధం అయ్యాక 1946లో యగూర్ అనే ఓడలో పాలస్తీనాకు బయల్దేరారు. బ్రిటిష్ వాళ్లు ఆ ఓడను పట్టుకుని అందరినీ సైప్రస్ శిబిరంలో పెట్టారు. అక్కణ్నుంచి ఎలాగో పాలస్తీనా చేరి, 1948 యుద్ధంలో ఇజ్రాయెల్ తరఫున గోలానీ బ్రిగేడ్ అనే దళంలో పోరాడారు. తల్లి, తోబుట్టువులు ఆస్ట్రేలియాకు వెళ్లడంతో 1952లో తనూ సిడ్నీ వచ్చేశారు. వయసు 21. ఇంగ్లీషు అంతంతమాత్రం.

ఇక్కడ తెలుగువాళ్లం గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ తలుపు ఆయనకు తెరిచారు, మనకు తెరవలేదు. జనాభా పెంచుకోవాలని యూరప్ నుంచి మనుషుల్ని రప్పించుకుంటున్న ఆస్ట్రేలియా అదే సమయంలో 'వైట్ ఆస్ట్రేలియా' విధానంతో ఆసియా వాళ్లను దూరం పెట్టింది. ఆ విధానానికి పూర్తిగా తెరపడింది 1973లో. ఇప్పుడు పశ్చిమ సిడ్నీలో వెస్ట్‌మీడ్, స్కోఫీల్డ్స్, బ్లాక్‌టౌన్ వైపు మనవాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. లోవీ కథ మొదలైంది కూడా ఆ బ్లాక్‌టౌన్‌లోనే.

డెలీ కౌంటర్ నేర్పిన లెక్క

సిడ్నీలో ఆయన పని వ్యాన్‌లో సాసేజ్‌లు, హామ్ లాంటివి దుకాణాలకు చేర్చడం. ఆ సరుకు తీసుకునేవాళ్లలో జాన్ సాండర్స్ ఒకరు. ఆయనా హంగరీ నుంచి వచ్చినవారే, హోలోకాస్ట్ (నాజీలు యూదులపై సాగించిన మారణకాండ) నుంచి బతికి బయటపడ్డవారే, వయసులో లోవీ కంటే పెద్ద. టౌన్ హాల్ స్టేషన్ దగ్గర సాండర్స్‌కు చిన్న దుకాణం ఉండేది. ఇద్దరికీ భాష కలిసింది, లెక్కలు కలిశాయి. నగరం నుంచి రైల్లో వెళ్తే పడమటి కొసన ఉన్న బ్లాక్‌టౌన్‌లో 1950ల నడుమ కలిసి ఒక డెలీ (సాసేజ్, హామ్ లాంటివి అమ్మే దుకాణం) పెట్టారు, ఆ తర్వాత ఒక కాఫీ బార్.

బ్లాక్‌టౌనే ఎందుకు? అప్పటికి అది పొలాల మధ్య ఊరు. కానీ యూరప్ నుంచి దిగిన కుటుంబాలు నగరంలో అద్దెలు కట్టలేక, రైలు మార్గం పట్టుకుని అటువైపే జరుగుతున్నాయి. ఆస్ట్రేలియన్ దుకాణాల్లో వాళ్లు తినే సాసేజ్ దొరకదు, తాగే కాఫీ దొరకదు. సాయంత్రం రైలు దిగినవాళ్లు డెలీలో ఆగుతారు. కౌంటర్ దగ్గర ఏం మాట్లాడుకుంటారు? ఎక్కడ స్థలం దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఇల్లు ఎప్పుడు కట్టుకుంటాం. కౌంటర్ వెనక నిలబడ్డ ఈ ఇద్దరికీ ఊరు ఎటు పెరుగుతోందో మున్సిపాలిటీ కంటే ముందే తెలిసిపోయింది. మార్కెట్ సర్వే అంటే ఇదే, పైగా సర్వే ఖర్చు లేదు, ఎదురు సాసేజ్ మీద లాభం.

పొలం కొని, ప్లాట్లు వేసి, ఇళ్ల స్థలాలుగా అమ్మారు. మన భాషలో చెప్పాలంటే వెంచర్ వేశారు. తర్వాత వరసగా కొన్ని షాపులు కట్టారు. మన దగ్గర వెంచర్లు వేసినవాళ్లు చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే ప్లాటు అమ్మితే డబ్బు వెంటనే వస్తుంది, వచ్చిన డబ్బుతో ఇంకో వెంచర్ వేయొచ్చు. లోవీ, సాండర్స్ మాత్రం ఇళ్ల స్థలాలు అమ్మి, షాపుల స్థలం ఉంచుకున్నారు. 1959లో బ్లాక్‌టౌన్‌లో వెస్ట్‌ఫీల్డ్ ప్లేస్ తెరిచారు. ఆరుబయట చౌక్, దాని చుట్టూ ఒక డజను షాపులు, రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లు, ఒక సూపర్‌మార్కెట్, బయట కార్లు ఆపుకునే జాగా. ఇవాళ్టి లెక్కలో అది మాల్ కూడా కాదు. మరుసటి ఏడాది, 1960 సెప్టెంబరులో, కంపెనీని సిడ్నీ స్టాక్ ఎక్స్చేంజ్‌లో లిస్ట్ చేశారు. డెలీ పెట్టి పట్టుమని పదేళ్లు కాలేదు.

అద్దె ఎక్కడి నుంచి వస్తుంది

మాల్ వ్యాపారం బయటి నుంచి చూసేవాళ్లకు భవనంలా కనిపిస్తుంది. నడిపేవాళ్లకు అది ఒక పట్టిక. ఎవరు ఏ మూలన కూర్చోవాలి, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలి అన్నదే ఆ పట్టిక. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్, సూపర్‌మార్కెట్ లాంటి యాంకర్ టెనెంట్లు జనాన్ని లాక్కొస్తారు కాబట్టి చదరపు అడుగుకు వాళ్ల అద్దె తక్కువ. వాళ్ల కోసం వచ్చిన జనం దారిలో ఆగే చెప్పుల షాపు, నగల షాపు, ఐస్‌క్రీమ్ కౌంటర్ కట్టే అద్దెతోనే మాల్ బతుకుతుంది. అందుకే రెండు యాంకర్లను ఎదురెదురు కొసల్లో పెట్టి, నడుమ దారి పొడవునా చిన్న షాపులు పేరుస్తారు.

ఆ చిన్న షాపుల ఒప్పందంలో ఒక షరతు ఉంటుంది. ప్రతి నెలా అమ్మకాల లెక్క మాల్ ఆఫీసుకు ఇవ్వాలి. మా దగ్గరా అంతే, మినిమం గ్యారంటీ ఒకటి, అమ్మకాల్లో శాతం ఒకటి, రెండింట్లో ఏది ఎక్కువైతే అది అద్దె. ఈ కాగితం విలువ కొత్తవాళ్లకు తెలియదు. ఒక షాపు నెలకు 20 లక్షలు అమ్మి అద్దె, మెయింటెనెన్స్ కలిపి 3 లక్షలు కడుతోందనుకోండి, అంటే అమ్మకాల్లో 15 శాతం. లీజు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ షాపు ఇంకెంత మోయగలదో యజమాని కంటే మాల్ మేనేజర్‌కే బాగా తెలుస్తుంది. వెస్ట్‌ఫీల్డ్ ఈ విద్యలో ఆరితేరింది. దాని మీద చిన్న వ్యాపారులకు ఉన్న కోపంలో సగం ఇక్కడిదే. నా అమ్మకాల లెక్క నా దగ్గరే తీసుకుని, అదే చూపించి నా అద్దె పెంచుతారా అని ఆస్ట్రేలియాలో టెనెంట్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. లీజింగ్‌లో ఉండి నేనే ఈ మాట అంటున్నాను కాబట్టి తప్పుగా అనుకోకండి, ఆ కోపంలో న్యాయం ఉంది.

అయితే ఈ పట్టిక పనిచేయాలంటే మాల్ మొత్తం ఒక్కరి చేతిలో ఉండాలి. మన దగ్గర కాంప్లెక్స్ కట్టగానే షాపులు విడివిడిగా రిజిస్ట్రేషన్ చేసి అమ్మేయడం పాత అలవాటు. బిల్డర్‌కు డబ్బు చేతికొస్తుంది, ఆయన వెళ్లిపోతాడు. ఇక ఒక్కో షాపుకూ ఒక్కో యజమాని. ఒకాయన మొబైల్ కవర్లవాడికి అద్దెకిస్తాడు. పక్కనాయన రేటు పెరుగుతుందని తాళం వేసి ఉంచుతాడు. ఇంకొకాయన డాలస్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఎస్కలేటర్ ఆగిపోతే రిపేరుకు ఎవరెంత వేసుకోవాలో మూడు మీటింగులైనా తేలదు, ఈలోపు పైఅంతస్తుకు జనం ఎక్కడం మానేస్తారు. అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు ఇలాంటి కాంప్లెక్సులు మీరూ చూసే ఉంటారు. ఇల్లు అలకగానే పండగ కాదని లోవీకి మొదటి నుంచీ తెలుసు.

అమ్మాడు, కానీ షాపులు కాదు

మరి ఒక్కో మాల్‌కూ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? అమ్మకుండా ఉంచుకుంటే సొమ్మంతా గోడల్లో ఇరుక్కుపోతుంది. 1970ల చివర్లో లోవీ దీనికి దారి వెతికారు. మాల్స్ అన్నింటినీ ఒక ప్రాపర్టీ ట్రస్టులో పెట్టి, ఆ ట్రస్టు యూనిట్లను స్టాక్ మార్కెట్‌లో అమ్మారు. స్థిరంగా అద్దె ఆదాయం కావాలనుకునే పెన్షన్ ఫండ్లు, రిటైరైన ఉద్యోగులు అవి కొన్నారు. భవనాలు ట్రస్టువి. వాటిని డిజైన్ చేసి కట్టేది, అద్దెకిచ్చేది, నడిపేది వెస్ట్‌ఫీల్డ్ హోల్డింగ్స్ అనే వేరే కంపెనీ, ప్రతి పనికీ దానికి ఫీజు. కుటుంబం పట్టు ఉన్నది ఈ రెండో కంపెనీ మీద. బరువంతా ట్రస్టు మోసింది, స్టీరింగ్ మాత్రం హోల్డింగ్స్ చేతిలో ఉంది. 1996లో అమెరికా ఆస్తులకూ ఇలాగే వెస్ట్‌ఫీల్డ్ అమెరికా ట్రస్ట్ పేరుతో సిడ్నీలో లిస్టింగ్ జరిగింది.

మనకు ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. ఇండియాలో తొలి రిటైల్ రీట్ (మాల్స్ లాంటి ఆస్తులను ఇలా ట్రస్టులో పెట్టి యూనిట్లు అమ్మే సంస్థ), నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్, లిస్టయింది 2023లో. కూకట్‌పల్లిలో ఒకప్పుడు ఫోరమ్ సుజనా అని పిలిచిన మాల్ ఇప్పుడు అందులోనే ఉంది. స్టాక్ మార్కెట్‌లో ఒక్క యూనిట్ కొన్న మనిషికీ ఆ మాల్ అద్దెలో రవ్వంత వాటా వస్తుంది, కానీ ఏ బ్రాండ్ ఏ అంతస్తులో కూర్చోవాలో ఆయన్నెవరూ అడగరు.

ఇందులో ఇంకో మలుపు ఉంది, మా వృత్తిలో అసలు లాభం అక్కడే. మాల్ విలువ దాని అద్దె మీద లెక్కగడతారు. 8 శాతం రాబడి మీద లెక్కేస్తే, ఏడాది అద్దె కోటి పెరిగితే విలువ పన్నెండున్నర కోట్లు పెరిగినట్టు. పదికోట్లు ఖర్చుపెట్టి సినిమా హాళ్లు కలిపి, ఫుడ్ కోర్ట్ మార్చి, పార్కింగ్ పెంచి కోటి అద్దె అదనంగా రప్పిస్తే, భవనం అక్కడే ఉండగానే రెండున్నర కోట్లు మిగులు. కొత్త స్థలం వెతకక్కర్లేదు, కొత్త ఊళ్లో జనం వస్తారో రారో అన్న టెన్షన్ లేదు. వెస్ట్‌ఫీల్డ్ తన పాత మాల్స్‌ను పదే పదే విప్పి కట్టింది అందుకే. సిడ్నీలో బోండి జంక్షన్ మంచి ఉదాహరణ. అక్కడి పాత షాపింగ్ సెంటర్లను కలిపి, చాలావరకు పడగొట్టి, 2004 నాటికి ఒకే పెద్ద మాల్‌గా మార్చారు. ఆ కట్టడం పని కూడా బయటివాళ్లకు వదలకుండా తన సొంత నిర్మాణ విభాగంతోనే చేయించేది.

దారి తప్పిన ఒక్కసారి

1987లో వెస్ట్‌ఫీల్డ్ అనుబంధ కంపెనీ ఒకటి 84.2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు నెట్‌వర్క్ టెన్ టీవీ స్టేషన్లు కొంది. మీడియా చట్టం మారడంతో పత్రికలా, టీవీయా ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చిన రూపర్ట్ మర్డాక్ వాటిని వదులుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ప్రకటనల ఆదాయం పడిపోయింది, అప్పు మాత్రం అలాగే ఉంది. రెండు మూడేళ్లలోనే భారీ నష్టంతో బయటపడ్డారు. జాన్ సాండర్స్ కంపెనీ నుంచి తప్పుకున్నదీ ఆ 1987లోనే. మూడు దశాబ్దాలకు పైగా సాగిన జంట విడిపోయింది.

టీవీలో ఏం తేడా కొట్టింది? చెడ్డ మేనేజ్‌మెంట్ అనీ, చెడ్డ టైమింగ్ అనీ రాశారు. రెండూ నిజమే. నాకు కనిపించేది ఇంకోటి. మాల్‌లో ఒక షాపు ఖాళీ అయితే ఇంకో షాపు వస్తుంది, లీజులు అయిదారేళ్లవి, అద్దె నెలనెలా పడుతుంది. టీవీలో ఒక సీజన్ సీరియల్స్ ఆడకపోతే ఆ ఏడాది పోయినట్టే. లోవీ దగ్గర ఉన్న విద్య ఏదీ అక్కడ పనికిరాలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ చాలాకాలం మాల్స్ దాటి పోలేదు.

సముద్రాలు దాటి

అమెరికాలో తొలి అడుగు 1977లోనే పడింది. కనెటికట్ రాష్ట్రంలోని ట్రంబుల్ షాపింగ్ పార్క్‌ను 2.1 కోట్ల డాలర్లకు కొన్నారు. మాల్స్ పుట్టిన దేశానికి వెళ్లి సిడ్నీవాడు మాల్ కొనడం అప్పట్లో వింతే. కానీ అక్కడి మాల్స్‌కు ఒక లోపం ఉంది. దేనికదే, ఎవరికి వారే. వాటికి ఒక పేరు, ఒక ఎర్రని బోర్డు, ఒకే రకం నిర్వహణ పెట్టొచ్చని లోవీ చూశారు. 1986లో మేసీస్ నుంచి మూడు మాల్స్ 36.3 కోట్ల డాలర్లకు, 1994లో భాగస్వాములతో కలిసి సెంటర్‌మార్క్ మాల్స్, 1998లో ట్రైజెక్‌హాన్ నుంచి కాలిఫోర్నియా మాల్స్ తీసుకున్నారు. అన్నింటి మీదా తమ పేరు పెట్టడం స్థానికులకు చాలాచోట్ల నచ్చలేదు, చిన్నప్పటి నుంచి తెలిసిన మాల్ పేరు మార్చేస్తే ఎవరికి నచ్చుతుంది? ఆ పేరుకు తగిలించిన 'షాపింగ్‌టౌన్' అన్న తోకను 2005లో తీసేశారు.

2001 జులైలో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద ఉన్న షాపుల లీజు 99 ఏళ్లకు చేతికొచ్చింది. ఏడు వారాలకు సెప్టెంబరు 11. తర్వాత ఏమైందో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2003లో వెస్ట్‌ఫీల్డ్ తన హక్కును 14 కోట్ల డాలర్లకు ఆ స్థలం యజమాని అయిన పోర్ట్ అథారిటీకి ఇచ్చేసి పక్కకు తప్పుకుంది, కానీ తలుపు పూర్తిగా మూసుకోలేదు. మళ్లీ షాపులు కట్టేటప్పుడు తిరిగొచ్చింది. అక్కడి వెస్ట్‌ఫీల్డ్ 2016 ఆగస్టులో తెరుచుకుంది.

లండన్‌లో షెపర్డ్స్ బుష్ దగ్గరి మాల్ తెరిచిన తేదీ చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది: 2008 అక్టోబరు 30. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి ఆరు వారాలు. ఖర్చు సుమారు 160 కోట్ల పౌండ్లు. అయినా నిలబడింది, ఎందుకంటే లీజులు అంతకుముందే కుదిరిపోయాయి, రైల్వే, ట్యూబ్ స్టేషన్లు గుమ్మం దగ్గరకొచ్చాయి. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర ఇంకో అడుగు ముందుకేశారు. 2012 ఒలింపిక్స్‌కు రైలు దిగి పార్కుకు నడిచే జనంలో ఎక్కువమంది మాల్ పక్కగా పోవాల్సిందే. బ్లాక్‌టౌన్ స్టేషన్ దగ్గర డెలీ పెట్టిన మనిషి ఆలోచన అది.

కిట్టనివాళ్ల మాట

వెస్ట్‌ఫీల్డ్ వచ్చిన ఊళ్లో పాత మెయిన్ రోడ్ షాపులు చిక్కిపోతాయన్నది పాత ఫిర్యాదు. పోటీని కోర్టులతో అడ్డుకుంటుందన్నది ఇంకోటి. సిడ్నీ శివార్లలోని లివర్‌పూల్‌లో ఆరెంజ్ గ్రోవ్ అనే ఔట్‌లెట్ సెంటర్‌కు ఇచ్చిన అనుమతి చెల్లదని వెస్ట్‌ఫీల్డ్ కేసు వేసి గెలిచింది. ప్రభుత్వం జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చన్న నిబంధన) మార్చడానికి ఒప్పుకోలేదు. 2004లో ఆ సెంటర్ మూతబడి వందల మంది ఉద్యోగాలు పోయాయి. ప్రభుత్వం మీద వచ్చిన ఆరోపణలపై అవినీతి నిరోధక కమిషన్ విచారణ జరిపి అవినీతి తేలలేదంది. చట్టం ప్రకారం వెస్ట్‌ఫీల్డ్‌దే పైచేయి. కానీ పోటీదారుడి ప్లానింగ్ ఫైలు అంత శ్రద్ధగా చదివే కంపెనీ పక్కన షాపు పెట్టుకోవడం ఎవరికైనా భయమే.

దిగే సమయం

2004లో వెస్ట్‌ఫీల్డ్ మూడు కంపెనీలను కలిపి ఒకటి చేశారు. 2014లో మళ్లీ విడదీశారు: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మాల్స్ సెంటర్ గ్రూప్ (Scentre) అనే కంపెనీలోకి, అమెరికా, యూరప్‌వి వెస్ట్‌ఫీల్డ్ కార్పొరేషన్‌లోకి. ఈ విభజన సాఫీగా జరగలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మాల్స్‌లో వాటా ఉన్న విడి ట్రస్టు వెస్ట్‌ఫీల్డ్ రిటైల్ ట్రస్ట్ ఇన్వెస్టర్ల ఓట్లలో 75 శాతం రావాలి. మే నెల సమావేశం నాటికి కాస్త తక్కువ పడేలా కనిపించింది. ఇది ఓడిపోయినా మా వైపు విభజన ఆగదని లోవీ తేల్చిచెప్పారు, సమావేశం వాయిదా పడింది, జూన్‌లో స్వల్ప తేడాతో గట్టెక్కింది. అసమ్మతి వాళ్లకు అది బెదిరింపులా వినిపించింది. ఆయన్ని ఇష్టపడేవాళ్లు కూడా ఆరోజు ఆయన తీరును మెచ్చుకోలేదు.

2017 డిసెంబరులో అసలు వార్త వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన యూనిబై-రోదామ్కో అప్పులతో కలిపి 2,470 కోట్ల డాలర్ల విలువకు వెస్ట్‌ఫీల్డ్ కార్పొరేషన్‌ను కొంటోంది. ఆయన వయసు 87. అప్పటికే సీఈఓలుగా కొడుకులు పీటర్, స్టీవెన్ నడుపుతున్నారు, మూడో తరం కోసం ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. 2018 జూన్‌లో డీల్ ముగిసింది. కోవిడ్ వచ్చాక కొన్న కంపెనీ షేరు కూలిపోయింది, 2020లో 350 కోట్ల యూరోల పెట్టుబడి సమీకరణకు దాని వాటాదారులే అడ్డంపడ్డారు, అమెరికా మాల్స్‌ను బాగా తగ్గించుకుంటామని యాజమాన్యం ప్రకటించింది. ఆన్‌లైన్ షాపింగ్‌ను లోవీ ముందే పసిగట్టారని కొందరు, అదృష్టమని కొందరు అంటారు. నేను మధ్యలో ఉంటాను. కోవిడ్‌ను ఎవరూ చూడలేదు, కానీ అమెరికాలో డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఒక్కొక్కటిగా మూతబడటం 2017 నాటికే అందరికీ కనిపిస్తోంది. యాంకర్ పడిపోతే చిన్న షాపుల అద్దె నిలవదని తెలియడానికి ఆయనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఆ డీల్‌లో ఒక చిన్న ముక్కను కుటుంబం కొన్నవాళ్లకు పూర్తిగా ఇవ్వలేదు. షాపర్ల డేటాను రకరకాల రిటైలర్ల మధ్య పంచుకునే టెక్నాలజీ కంపెనీ అది, పేరు వన్‌మార్కెట్. 2018లో సిడ్నీలో విడిగా లిస్టయింది, ఛైర్మన్ స్టీవెన్ లోవీ. రిటైలర్లు తమ కస్టమర్ల డేటా పంచుకోవడానికి ముందుకు రాలేదు. మాల్‌లో అయితే అమ్మకాల లెక్క ఇవ్వకపోతే లీజు ఉండదు. ఇక్కడ అలా పట్టుపట్టడానికి చేతిలో లీజు లేదు. ఏడాది తిరిగేసరికి, 2019లో, మిగిలిన నగదు వాటాదారులకు పంచి మూసేయాలని నిర్ణయించారు.